బళ్లారి రాఘవ: నాటకానికి కొత్త దారి చూపిన నటుడు



ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బజారులో హిందీ, ఉర్దూ. మన నార్పోలి పిల్లలకు ఇది రోజూ ఉండేదే. ఇలా పలు భాషలు కలిసిన ఊళ్లో పెరిగి పేరు తెచ్చుకున్న ఒక నటుడి గురించి ఈసారి తెలుసుకుందాం.

ఆయన అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టారు. పెరిగింది బళ్లారిలో. తెలుగు, కన్నడ రెండూ వినిపించే ఊరు అది. నాటక రచయిత ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయనకు మేనమామ. రాఘవ గారు మద్రాసులో చదువుకొని బళ్లారిలో వకీలు అయ్యారు. బతుకుదెరువు కోర్టులో, ప్రాణం మాత్రం నాటకంలో.

ఆ రోజుల్లో నటుడు రాగం తీసి పద్యం పాడితే చాలు, జనం వన్స్ మోర్ అనేవాళ్లు. రాఘవ గారు ఆ దారిన పోలేదు. మనుషులు మామూలుగా మాట్లాడుకున్నట్టే మాట్లాడి, ముఖంలోనే భావం చూపించారు. ఆడవేషాలు మగవాళ్లే కట్టే కాలంలో, స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలన్నారు. కొందరు తప్పుపట్టినా వెనక్కి తగ్గలేదు. తెలుగుతో పాటు కన్నడ, ఇంగ్లీషు, హిందీ నాటకాల్లోనూ నటించారు. ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలిశారు. 1939లో వచ్చిన రైతుబిడ్డ సినిమాలోనూ ఉన్నారు. 1946 ఏప్రిల్ 16న కన్నుమూశారు.

1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. మనకు ఇక్కడ ఉన్నట్టే, అక్కడ తెలుగు అల్పసంఖ్యాక భాష అయ్యింది. అయినా ఊరు ఆయన్ని మరిచిపోలేదు. బళ్లారిలో ఆయన పేరు మీద రాఘవ కళామందిరం ఉంది. 1981లో తపాలా బిళ్ల కూడా వచ్చింది.

ఇక్కడ మనం ఒక సంగతి ఆలోచించాలి. చాలా ఊళ్లలో పాత నాటకశాలలు, టాకీసులు మూతపడ్డాయి. కొన్ని గోదాములయ్యాయి, కొన్ని దుకాణాలయ్యాయి. వాటిని మళ్లీ బాగుచేయొచ్చు. పైకప్పు, కుర్చీలు, దీపాలు డబ్బు పెడితే వస్తాయి. కానీ లోపల ఆడేవాళ్లు, చూసేవాళ్లు లేకుంటే మళ్లీ తాళమే పడుతుంది. ఆ మనుషులు మన ఇళ్లలోంచే రావాలి. భాష రాని పిల్లవాడికి ఆ భాష నాటకం ఎందుకు?

తల్లిదండ్రులారా, సాంచాల పని అయ్యాక రోజూ ఓ పావుగంట పిల్లలతో కూర్చోండి. ఊళ్లో చూసిన చిందు భాగోతమో, కూనపులి వాళ్లు పటం చూపిస్తూ చెప్పే మార్కండేయ పురాణమో చెప్పండి. పిల్లలూ, మీరు విన్నది ఒక పేజీలో రాసి, తరగతిలో నిలబడి మీ మాటల్లో చెప్పండి. అందుకు పెద్ద హాలు అక్కర్లేదు, బడి వరండా చాలు.