విల్మా రుడాల్ఫ్

విల్మా గ్లోడీన్ రుడాల్ఫ్ (జూన్ 23, 1940 - నవంబరు 12, 1994) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రముఖ పరుగుపందెం క్రీడాకారిణి. 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో 100 మీటర్లు, 200 మీటర్లు, 4×100 మీటర్ల రిలే పందాలలో మూడు స్వర్ణ పతకాలు సాధించి, ఒకే ఒలింపిక్స్ అథ్లెటిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన మొట్టమొదటి అమెరికన్ మహిళగా చరిత్రకెక్కింది. బాల్యంలో పోలియో సోకి కాలికి లోహపు కాలిపర్ ధరించి నడిచిన ఈమె, తరువాతి కాలంలో ప్రపంచంలోనే అత్యంత వేగవంతమైన మహిళగా పేరు పొందింది. అమెరికా కళాశాలల మధ్య మహిళలకు జాతీయ స్థాయి అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్ పోటీలు లేని రోజులలో ఈమె కళాశాల విద్యార్థినిగా ఈ విజయాలు సాధించడం విశేషం.

బాల్యం

విల్మా టెన్నెసీ రాష్ట్రంలోని క్లార్క్స్‌విల్ సమీపాన గల సెయింట్ బెత్లెహెం అనే ఊరిలో ఒక పేద ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబంలో జన్మించింది. తండ్రి ఎడ్ రుడాల్ఫ్ రైల్వేలో పోర్టరుగా పనిచేసేవాడు. తల్లి బ్లాంచ్ శ్వేతజాతీయుల ఇళ్ళలో పనిమనిషిగా ఉండేది. తండ్రికి రెండు వివాహాల ద్వారా కలిగిన 22 మంది సంతానంలో ఈమె 20వది. నెలలు నిండకుండానే పుట్టిన ఈమె బరువు అప్పుడు సుమారు 2 కిలోగ్రాములు మాత్రమే.

పసితనంలోనే న్యుమోనియా, స్కార్లెట్ జ్వరం వంటి వ్యాధులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. నాలుగైదేళ్ళ వయసులో పోలియో సోకి ఎడమ కాలు బలహీనపడింది. ఆ కాలంలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో వర్ణవివక్ష చట్టబద్ధంగా అమలులో ఉండేది. క్లార్క్స్‌విల్‌లో నల్లజాతి వారికి వైద్య సదుపాయాలు అంతంత మాత్రమే. అందువల్ల తల్లి ఆమెను సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న నాష్‌విల్‌లోని మెహారీ వైద్య కళాశాల ఆసుపత్రికి ప్రతి వారం బస్సులో తీసుకువెళ్ళేది. ఆ బస్సులో కూడా వారు వెనుక సీట్లలోనే కూర్చోవలసి వచ్చేది. వైద్యులు నేర్పిన విధంగా ఇంటిల్లిపాదీ వంతులవారీగా రోజుకు నాలుగు సార్లు ఆమె కాలికి మర్దన చేసేవారు. ఇలా కొన్నేళ్ళ పాటు సాగిన చికిత్స ఫలించి, పన్నెండేళ్ళు వచ్చేసరికి ఆమె ఏ ఆధారమూ లేకుండా నడవగలిగింది.

పాఠశాల రోజులు

క్లార్క్స్‌విల్‌లో నల్లజాతి విద్యార్థుల కోసం ఉన్న బర్ట్ ఉన్నత పాఠశాలలో చదువుతూ విల్మా మొదట బాస్కెట్‌బాల్ క్రీడలో రాణించింది. మైదానంలో ఎక్కడ చూసినా తానే అన్నట్లు చురుకుగా తిరిగే ఆమెకు శిక్షకుడు సి.సి. గ్రే దోమ అనే అర్థం వచ్చే స్కీటర్ అనే ముద్దుపేరు పెట్టాడు. ఆమె ఆటను చూసిన టెన్నెసీ రాష్ట్ర విశ్వవిద్యాలయం పరుగు శిక్షకుడు ఎడ్ టెంపుల్ ఆమెలోని వేగాన్ని గుర్తించి, వేసవి శిక్షణ శిబిరానికి ఆహ్వానించాడు.

అంతకు ముందు అలబామా రాష్ట్రంలోని టస్కెగీలో జరిగిన పోటీలలో పాల్గొన్న ప్రతి పందెంలోనూ విల్మా ఓడిపోయింది. సహజమైన వేగం ఒక్కటే చాలదని, పందెం ప్రారంభించే తీరు, ఊపిరి, అడుగు అన్నీ నేర్చుకోవలసినవేనని ఆ ఓటమి ఆమెకు తెలియజెప్పింది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు ఎంపికైనప్పుడు ఆమె వయసు 16 సంవత్సరాలు. అమెరికా అథ్లెటిక్స్ జట్టులో అందరికంటే చిన్నది ఆమే. 200 మీటర్ల పందెంలో తొలి దశలోనే వెనుదిరిగినా, మే ఫ్యాగ్స్, మార్గరెట్ మాథ్యూస్, ఇసబెల్ డేనియల్స్‌లతో కలిసి 4×100 మీటర్ల రిలేలో కాంస్య పతకం సాధించింది.

కళాశాల జీవితం - టైగర్‌బెల్స్

1958లో విల్మాకు యొలాండా అనే కూతురు పుట్టింది. తల్లులైన వారిని జట్టులో చేర్చుకోరాదని టెంపుల్ నియమం పెట్టుకున్నా, ఈమె విషయంలో దానిని సడలించాడు. కుటుంబ సభ్యులు పాపను పెంచే బాధ్యత తీసుకోవడంతో అదే సంవత్సరం ఆమె టెన్నెసీ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరింది. ఇక్కడి మహిళల పరుగు జట్టును టైగర్‌బెల్స్ అని పిలిచేవారు.

నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయంలో మహిళల జట్టుకు కేటాయించే నిధులు స్వల్పం. క్రీడాకారిణులు రోజూ ప్రాంగణంలో కొన్ని గంటలు పని చేసి చదువు ఖర్చులు సంపాదించుకునేవారు. పోటీలకు టెంపుల్ నడిపే కార్లలో ప్రయాణించేవారు. దారిలో చాలా భోజనశాలలు, వసతి గృహాలు నల్లజాతి వారిని లోనికి రానిచ్చేవి కావు.

అప్పట్లో కళాశాల క్రీడలను నిర్వహించే నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్ (ఎన్.సి.ఎ.ఎ.) పురుషులకు మాత్రమే జాతీయ పోటీలు జరిపేది. కాబట్టి కళాశాల విద్యార్థినులు అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ (ఎ.ఎ.యు.) నిర్వహించే జాతీయ పోటీలలో సాధారణ క్లబ్బుల జట్లతో కలిసి పోటీపడవలసి వచ్చేది. మైదానంలోనూ, చలికాలంలో పైకప్పు కింద జరిగే ఇండోర్ పోటీలలోనూ ఇదే పద్ధతి. ఈ పోటీలలో విల్మా 1959 నుండి 1962 వరకు వరుసగా నాలుగు సార్లు 100 మీటర్ల జాతీయ విజేతగా నిలిచింది. 1959లో షికాగోలో జరిగిన పాన్ అమెరికన్ క్రీడలలో రిలేలో స్వర్ణం, 100 మీటర్లలో రజతం గెలుచుకుంది. 1960 జులైలో టెక్సాస్ రాష్ట్రంలోని కార్పస్ క్రిస్టీలో 200 మీటర్లను 22.9 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది.

రోమ్ ఒలింపిక్స్

1960 రోమ్ ఒలింపిక్స్‌లో అమెరికా మహిళల జట్టుకు ఎడ్ టెంపుల్ శిక్షకుడు. 100 మీటర్ల సెమీఫైనల్‌లో విల్మా 11.3 సెకన్లతో ప్రపంచ రికార్డును సమం చేసింది. ఫైనల్‌లో 11.0 సెకన్లలోనే గమ్యం చేరింది. అయితే వెనుక నుండి వీచిన గాలి వేగం సెకనుకు 2.75 మీటర్లు ఉండడం వల్ల దానిని ప్రపంచ రికార్డుగా గుర్తించలేదు. రికార్డుకు అనుమతించే గరిష్ఠ గాలి వేగం సెకనుకు 2 మీటర్లు. 200 మీటర్ల తొలి దశలో 23.2 సెకన్లతో ఒలింపిక్ రికార్డు సృష్టించి, ఫైనల్‌ను 24.0 సెకన్లలో గెలిచింది.

రిలే జట్టులో మార్తా హడ్సన్, లుసిండా విలియమ్స్, బార్బరా జోన్స్, విల్మా రుడాల్ఫ్ నలుగురూ టైగర్‌బెల్స్ కావడం గమనార్హం. సెమీఫైనల్‌లో ఈ జట్టు 44.4 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఫైనల్‌లో చివరి మార్పిడి వద్ద బేటన్ సరిగా అందక విల్మా వెనుకబడినా, జర్మనీ క్రీడాకారిణి యుటా హైనాను దాటుకొని 44.5 సెకన్లలో జట్టును గెలిపించింది. స్వదేశంలో తమ కళాశాల పేరుతో పోటీపడేందుకు జాతీయ ఛాంపియన్‌షిప్ లేని నలుగురు విద్యార్థినులు ఒలింపిక్ విజేతలయ్యారు. ఇటలీ పత్రికలు విల్మాను నల్లజింకగా కీర్తించాయి.

స్వస్థలంలో సన్మానం

అక్టోబరు 4, 1960న క్లార్క్స్‌విల్ పట్టణం ఆమెకు ఘనస్వాగతం పలికింది. శ్వేతజాతీయులకు, నల్లజాతి వారికి వేరువేరుగా ఏర్పాట్లు చేసే సన్మానానికి తాను రానని ఆమె పట్టుబట్టింది. నిర్వాహకులు అంగీకరించక తప్పలేదు. ఆ విధంగా ఆనాటి ఊరేగింపు, విందు ఆ పట్టణ చరిత్రలో రెండు జాతుల వారు కలిసి పాల్గొన్న మొదటి వేడుకలుగా నిలిచాయి.

ఇండోర్ పోటీలు, పదవీ విరమణ

1961 చలికాలంలో విల్మా స్త్రీల పందాలు అరుదుగా జరిగే పెద్ద ఇండోర్ పోటీలకు ఆహ్వానాలు అందుకుంది. వాటిలో న్యూయార్క్‌లోని మిల్‌రోజ్ క్రీడలు ఒకటి. ఇండోర్ పందాలలో ముఖ్యమైనది 60 గజాల పరుగు, అనగా సుమారు 55 మీటర్లు. సుమారు 180 సెంటీమీటర్ల పొడవు గల విల్మాకు పందెం ఆరంభంలో వేగం పుంజుకోవడానికి సమయం పట్టేది. వెనుకబడితే అందుకునే వీలు తక్కువగా ఉండే ఇంత చిన్న దూరంలో కూడా ఆమె విజయాలు సాధించి, మహిళల ఇండోర్ పరుగు పట్ల ప్రేక్షకులలో ఆసక్తి పెంచింది.

అదే సంవత్సరం జులైలో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో 100 మీటర్లను 11.2 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు సృష్టించింది. అమెరికాలో ఉత్తమ అమెచ్యూర్ క్రీడాకారులకిచ్చే జేమ్స్ ఇ. సల్లివాన్ పురస్కారం ఆమెకు లభించింది. 1962లో స్టాన్‌ఫర్డ్‌లో సోవియట్ యూనియన్‌తో జరిగిన పోటీల తరువాత, 22 ఏళ్ళ వయసులో ఆమె పరుగుకు స్వస్తి చెప్పింది. విజయ శిఖరం మీద ఉండగానే తప్పుకోవడం మంచిదని ఆమె భావించింది. అప్పటి అమెచ్యూర్ నియమాల వల్ల పరుగు ద్వారా ఆదాయం పొందే అవకాశం కూడా లేదు.

తరువాతి జీవితం

1963లో విల్మా విద్యాశాస్త్రంలో పట్టా పొందింది. అదే సంవత్సరం అమెరికా ప్రభుత్వం తరఫున సద్భావన రాయబారిగా పశ్చిమ ఆఫ్రికాలో పర్యటించింది. తిరిగి వచ్చిన తరువాత క్లార్క్స్‌విల్‌లో నల్లజాతి వారిని అనుమతించని ఒక భోజనశాల వద్ద జరిగిన నిరసనలో పాల్గొంది. విదేశాలలో దేశానికి ప్రతినిధిగా గౌరవం అందుకున్న ఆమెకు సొంత ఊరిలో కూర్చొని భోజనం చేసే హక్కు కోసం పోరాడవలసి రావడం ఆనాటి పరిస్థితికి అద్దం పడుతుంది.

ఉపాధ్యాయినిగా, శిక్షకురాలిగా పలు ప్రాంతాలలో పనిచేసిన ఈమెకు నలుగురు సంతానం. 1977లో ఆత్మకథ వెలువడింది. అది టెలివిజన్ చిత్రంగా కూడా వచ్చింది. 1981లో పేద బాలబాలికలకు క్రీడా శిక్షణ, చదువులో సహాయం అందించడానికి ఒక ఫౌండేషన్ స్థాపించింది.

కళాశాల మహిళల పోటీలు

విల్మా విరమించిన పదేళ్ళకు, 1972లో, విద్యాసంస్థలలో లింగవివక్షను నిషేధించే టైటిల్ 9 చట్టం వచ్చింది. 1971లో ఏర్పడిన అసోసియేషన్ ఫర్ ఇంటర్‌కాలేజియేట్ అథ్లెటిక్స్ ఫర్ విమెన్ (ఎ.ఐ.ఎ.డబ్ల్యు.) కళాశాల మహిళలకు జాతీయ ఛాంపియన్‌షిప్‌లు నిర్వహించింది. ఎన్.సి.ఎ.ఎ. మహిళల అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్ 1982లో మైదానంలోనూ, 1983లో ఇండోర్‌లోనూ మొదలయ్యాయి. మిచిగన్ రాష్ట్రంలోని పాంటియాక్‌లో జరిగిన తొలి ఇండోర్ ఛాంపియన్‌షిప్‌ను నెబ్రాస్కా విశ్వవిద్యాలయం గెలుచుకుంది. తనకు దక్కని వేదిక తరువాతి తరానికి దక్కడాన్ని విల్మా కళ్ళారా చూసింది. టెన్నెసీ రాష్ట్ర విశ్వవిద్యాలయం 1980లో తన ఇండోర్ ట్రాక్‌కు ఆమె పేరు పెట్టింది. 1987లో ఆమె ఇండియానా రాష్ట్రంలోని డిపా విశ్వవిద్యాలయంలో మహిళల పరుగు శిక్షకురాలిగా చేరింది.

మరణం, గుర్తింపు

మెదడు, గొంతు క్యాన్సర్లతో బాధపడుతూ విల్మా నవంబరు 12, 1994న టెన్నెసీలోని బ్రెంట్‌వుడ్‌లో 54 ఏళ్ళ వయసులో మరణించింది. క్లార్క్స్‌విల్‌లో ఒక ప్రధాన రహదారికి ఆమె పేరు పెట్టారు. అమెరికా తపాలా శాఖ 2004లో ఆమె చిత్రంతో తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఒకనాడు బస్సు వెనుక సీటులో కూర్చొని చికిత్సకు వెళ్ళిన బాలిక పేరు ఈనాడు అదే పట్టణపు రహదారి మీద నిలిచి ఉంది.