పల్లెపలుకుల పదకర్త – తాళ్ళపాక అన్నమాచార్యులు

తిరుమల రెండు భాషల పొలిమేరలో వెలసిన దివ్యక్షేత్రము. ఆళ్వారులు తిరువేంగడమని కీర్తించిన ఆ కొండ తెలుగువారి నోట తిరువేంగళమైనది. ఆ పేరు పెట్టుకొన్న బిడ్డలు వెంగళప్పలు, వెంగమాంబలు అయినారు. తమిళమున అలర్ మేల్ మంగై, అనగా పుష్పముపై వెలసిన మంగ, తెలుగిండ్లలో అలమేలుమంగ అయినది. పలుకు మారినను నామమహిమ తగ్గలేదు. ఏ సీమవారి యాస ఆ సీమవారికి సహజము. ఆ సహజమైన పలుకే శ్రీనివాసుని సేవకు చాలునని తన జీవితముచే నిరూపించిన మహనీయులు తాళ్ళపాక అన్నమాచార్యులు.

పొత్తపినాటిలో, రాజంపేట సమీపమునగల తాళ్ళపాక గ్రామమున, 1408వ సంవత్సరము వైశాఖ మాసమున విశాఖా నక్షత్రమున నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు అన్నమయ్య జన్మించెను. ఆ యూరి చెన్నకేశవస్వామి వారి ఇలవేలుపు. మనుమడైన చిన్నన్న ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రము ఆయన బాల్యమును వర్ణించుచున్నది. ఉమ్మడి కుటుంబములో పనిపాటలు మాని హరినామము పాడుకొను బాలునికి ఇంటివారి మందలింపులు తప్పలేదు. ఒకనాడు పశువులకు గడ్డి కోయుచుండగా కొడవలి తగిలి వ్రేలు తెగెను. అదే సమయమున తిరుపతికి పోవు యాత్రికుల బృందమొకటి పాడుచు ఆ దారిని వచ్చెను. బాలుడు కొడవలి విడిచి వారి వెంట నడచెను.

కొండ ఎక్కుచు మోకాళ్ళ పర్వతము చేరునప్పటికి ఆకలిచే సొమ్మసిల్లెను. కాలికి చెప్పులున్నవి. ఆ కొండ యంతయు సాలగ్రామమయమని పసివానికి తెలియదు. అలమేలుమంగమ్మ పెద్ద ముత్తైదువ రూపమున వచ్చి, చెప్పులు విడువుమని బోధించి, స్వామి ప్రసాదము తినిపించినదని చరిత్ర. తిరుమలలో ఘనవిష్ణువను యతి ఆయనకు పంచసంస్కారములు చేసి వైష్ణవదీక్ష నొసగెను. పిమ్మట అహోబలమున శఠకోపయతి సన్నిధిని వేదాంతమును, ఆళ్వారుల దివ్యప్రబంధమును అభ్యసించిరి. తమ ఊరి మాటలలో పెరుమాళ్ళను పాడి, ఆ పాటలకు వేదగౌరవము తెచ్చిన ఆళ్వారుల మార్గము అచ్చట ఆయనకు హృదయగతమైనది.

1424వ సంవత్సరమున, పదునారవ యేట, ఆయన సంకీర్తన రచన ఆరంభమైనదని రాగిరేకుల మీది వ్రాత తెలుపుచున్నది. నాటినుండి 1503 వరకు ఆ వ్రతము ఆగలేదు. ఆయన సంస్కృతము నెరిగిన పండితులు. సంస్కృతమున సంకీర్తనలు చెప్పిరి, సంకీర్తన లక్షణమను శాస్త్రమును రచించిరి. కావ్యభాషను ఎరుగక వాడుకమాటను పట్టినవారు కారు. శ్రీనాథాదుల పద్యప్రౌఢిమ రాజసభలలో మన్ననలందుచున్న ఆ కాలమున, పండితుల చేత గ్రామ్యమనిపించుకొను పలుకులను ఆయన బుద్ధిపూర్వకముగా దేవుని ముందుంచిరి. వచ్చీని, చూచీని వంటి క్రియారూపములు, సామెతలు, తల్లి బిడ్డను బుజ్జగించు మాటలు ఆ పదములలో యథాతథముగా నున్నవి. వడ్లు దంచు స్త్రీల సువ్విపాట, సంక్రాంతి గొబ్బిపాట, వసంతపు జాజర, జోల, లాలి, ఉయ్యాల అన్నియు స్వామి కైంకర్యములైనవి. ఆయన ధర్మపత్ని తిమ్మక్క సుభద్రాకల్యాణమను భారతకథను తెలుగింటి పెండ్లి ముచ్చటలతో ద్విపదగా చెప్పినది. ఇల్లంతయు ఆ త్రోవనే నడచినది.

పలుకు మారినప్పుడు కథను చూచు చూపును మారును. పురాణములు దశావతారములను పది కథలుగా చెప్పినవి. అన్నమాచార్యులు వానినన్నిటిని ఒక్క చేతి పనులుగా దర్శించిరి. వేదములను వెదకి తెచ్చినది, కొండ క్రింద చేరి మోసినది, భూదేవిని కౌగిలించినది, గోళ్ళతో హిరణ్యకశిపుని చీల్చినది ఆ చేయియే. బలిని యాచించినదియు, పరశురాముడై భూమి నంతటిని దానమిచ్చినదియు ఒకే చేయి యనుటలో ఎంత విచిత్రమైన భావమున్నది! సముద్రుని బాణపు మొనకు తెచ్చుట, నాగలి పట్టుట, త్రిపురస్త్రీల వ్రతము చెరచుట, గుఱ్ఱమును తోలుట కూడ దాని లీలలే. ఆ చేయియే తుదకు తిరుమలపై నిలిచి జీవులకు మోక్షమార్గమును చూపుచున్నది. మూలవిరాట్టు వరదహస్తము పాదములను చూపుచుండుటను కన్నులార గాంచిన యాత్రికునకు ఈ భావము వ్యాఖ్యానము లేకయే బోధపడును. శాస్త్రము చదువని భక్తుడును క్షణకాల దర్శనమున పది అవతారములను సేవించుకొన గలుగును.

అట్లే శ్రీకృష్ణుని చరిత్రమును నవరత్నములుగా చెప్పిరి. గొల్లెతలకు అరచేతి మాణిక్యమైనవాడు కంసునికి వజ్రము. కాళియుని తలలపై పుష్యరాగము. గోవర్ధనగిరి కడ గోమేధికము. చూచువారి మనసును బట్టి స్వామి తోచునను వేదాంతార్థము యశోద ముంగిట ఆడు బిడ్డ ముచ్చటలో ఇమిడిపోయినది.

ఈ మార్గమునకు పరీక్షయు వచ్చినది. సాళువ నరసింహరాయలు ఆచార్యులను ఆదరించి తన కడ నిలుపుకొనెను. స్వామి శృంగారమును వర్ణించు పదము విని ముగ్ధుడై, తనపై అటువంటి పదము చెప్పుమని కోరెను. హరిని కీర్తించు నాలుక నరుని కీర్తింపదని ఆచార్యులు నిరాకరించిరి. రాజు సంకెలలు వేయించెను. స్వామిని శరణు వేడగా సంకెలలు సడలి పడినవని, రాజు పశ్చాత్తప్తుడై క్షమాపణ కోరెనని చరిత్ర చెప్పుచున్నది. పల్లెపలుకును దేవునికిచ్చిన వాడు దానిని సింహాసనమునకు తాకట్టు పెట్టలేదు.

1503వ సంవత్సరము ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు ఆయన పరమపదించిరి. కుమారుడు పెద తిరుమలాచార్యులు పితృకీర్తనలను రాగిరేకుల కెక్కించిరి. మొత్తము ముప్పదిరెండు వేలని ప్రసిద్ధి. నేడు లభించునవి ఇంచుమించు 14,000. తిరుమల ఆలయమున సంకీర్తన భాండాగారమను చిన్న అరలో ఆ రేకులు శతాబ్దముల తరబడి మూగవోయినవి. 20వ శతాబ్దమున అవి వెలికివచ్చిన పిమ్మట వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు పండితులు పరిష్కరించిరి. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానములు అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పినవి. రేకులపై రాగముల పేర్లున్నవి గాని స్వరములు లేవు. కావున నేడు వినబడు బాణీలు పెక్కు తరువాతివారు కూర్చినవే. నాటి రాగచ్ఛాయ కాలగర్భమున కలిసినది; పలుకు మాత్రము రాగిపై నిలిచినది. ఆ పలుకులను సంస్కరింపక, విన్నది విన్నట్లు చెక్కించుటయే వంశమువారు చేసిన మహోపకారము.

ఏడుకొండలెక్కు యాత్రికులలో సర్కారు జిల్లాలవారు, తెలంగాణమువారు, రాయలసీమవారు, తమిళులు, కన్నడిగులు కలరు. గోవిందనామము ఒకటే, ఉచ్చరించు తీరు వేరు. మాట తీరునుబట్టి తోటి భక్తుని తక్కువగా చూచుట భాగవతాపచారమే యగును. కొడవలి విడిచి కొండకు నడచిన పల్లెబాలుని పలుకునకు స్వామి తన ఆలయముననే అర నొసగి కాపాడినాడు. ఎవరి నోట ఏ పలుకు సహజమో, ఆ పలుకుతోనే ఆయనను పిలుతురు గాక.