మలుపు లెక్క తెలిసిన ఇంజినీర్

రేసుల్లో రైడర్లు సీటు పక్కకి జారి, మోకాలు నేలకు దగ్గరగా పెట్టి మలుపు తిరగడం మీరు చూసే ఉంటారు. ఆ పద్ధతిని ముందుగా పట్టుకున్నవాళ్లలో యార్నో సారినెన్ ఒకడు. 1945లో ఫిన్లాండ్‌లోని తుర్కులో పుట్టాడు, మెకానికల్ ఇంజినీరింగ్ చదివాడు. 1970లో 250 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ముందు వరుసలో ఉండి కూడా, చదువు పూర్తిచేయాలని చివరి రేసులు వదిలేసి ఇంటికెళ్లిపోయాడు. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లు ఇక్కడ ఓ నిమిషం ఆగండి!

మొదట్లో అతను గడ్డకట్టిన మంచు మీద రేసులు చేశాడు. అక్కడ టైరు జారడం మామూలే. ఒంటిని మలుపు లోపలి వైపు వేలాడదీస్తే బరువు అటు కదులుతుంది, అదే వేగానికి బైక్ తక్కువ వాలితే చాలు. కానీ వేగం రెట్టింపైతే అదే మలుపుకి నాలుగు రెట్ల పట్టు కావాలి. అందుకే రోడ్డు మీద మీరు బ్రేకు మలుపుకి ముందే వేసేయండి, వాలాక కాదు. చూపు మలుపు చివర ఉండాలి. మోకాలి విన్యాసం ట్రాక్‌కే వదిలేయండి.

1972లో 250 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1973లో 750 సీసీ బైకుల మధ్య 350 సీసీ యమహాతో డేటోనా 200 గెలిచాడు. అదే ఏడాది మే 20న ఇటలీలోని మోంజాలో, మొదటి ల్యాప్‌లోనే, కర్వా గ్రాండే మలుపులో అతని ముందున్న రెంజో పసోలిని పడిపోయాడు. తప్పించుకునే చోటు లేదు, ట్రాక్‌ని ఆనుకునే ఇనుప రెయిలింగ్. ఇద్దరూ చనిపోయారు. సారినెన్‌కి అప్పుడు 27 ఏళ్లు.