టర్బో పితామహుడు ఆల్‌ఫ్రెడ్ బ్యూఖీ

మేడ్చల్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి శామీర్‌పేట వైపు పోయేవాడికి లారీని దాటేటప్పుడు రెండు సెకన్లంటే చిన్న మాట కాదు. జోరు పెరుగుతుందని కారుకు పెద్ద టర్బో వేయించుకున్నాడు. తీరా యాక్సిలరేటర్ తొక్కితే బండి కాసేపు ఆలోచించుకుని గాని కదలదు! దీన్నే టర్బో ల్యాగ్ అంటారు. ఈ చిక్కు విప్పాలంటే టర్బోను కనిపెట్టిన మహనీయుని కథ తెలియాలి.

ఆల్‌ఫ్రెడ్ బ్యూఖీ 1879 జూలై 11న స్విట్జర్లాండులోని వింటర్‌టూర్‌లో జన్మించాడు. తండ్రి సుల్జర్ కంపెనీలో పెద్ద ఉద్యోగి. బ్యూఖీ 1903లో జూరిచ్‌లో ఇంజనీరింగ్ పూర్తిచేశాడు. ఇంధనంలోని వేడిలో ఎంతో భాగం పొగగొట్టం గుండా వృథా అయిపోతోంది. ఆ పొగతోనే ఒక చక్రం తిప్పి, అదే ఇరుసుతో ఇంజనులోకి గాలిని కుక్కితే? ఈ ఊహకు 1905లో పేటెంటు పొందాడు. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్లే.

కాగితం మీది బొమ్మ కార్ఖానాలో పనిచెయ్యడానికి మరో 20 ఏళ్లు పట్టింది. ఆ వేడికి, ఆ వేగానికి తట్టుకునే లోహాలు అప్పట్లో అరుదు. ఆయన వదల్లేదు. 1925లో డీజిల్ ఇంజను శక్తి 40 శాతం పైగా పెరిగింది. తరువాత రెండు జర్మన్ ప్రయాణికుల నౌకల్లో 1,750 హార్స్‌పవర్ ఇంజన్లు 2,500 ఇచ్చాయి.

కిటుకు గొట్టాల్లో ఉంది. సిలిండరు నుంచి పొగ దెబ్బలుగా వస్తుంది. వెడల్పు గొట్టంలో పడితే ఆ ఊపు చచ్చిపోతుంది. అందుకని సన్నని గొట్టాలను విడివిడిగా టర్బైన్ దాకా తెచ్చాడు.

మన కారుకూ ఇదే సూత్రం. పెద్ద చక్రం బరువెక్కువ. తక్కువ ఆర్‌పీఎంలో దాన్ని తిప్పేటంత పొగ ఉండదు. ఇది జబ్బు కాదు, స్వభావం. కాని గాలి హోసు క్లిప్పు వదులైనా, టర్బోకు ముందే పొగ కారినా, వేస్ట్‌గేట్ పూర్తిగా మూసుకోకపోయినా ఆలస్యం ఇంకా పెరుగుతుంది. అది జబ్బు. ముందు వీటిని వెతికి సరిచెయ్యాలి. ఆ తరువాత బూస్ట్ గేజి ముల్లు ఏ ఆర్‌పీఎంలో లేస్తోందో రాసుకోవాలి. అప్పటికీ ఆలస్యంగానే లేస్తే, ఇంజనుకు మించిన టర్బో తగిలించామన్నమాట.

బ్యూఖీ 1959లో కన్నుమూశాడు. ఈనాడు లారీల్లో, ఓడల్లో, కార్లలో ఆయన చక్రం తిరుగుతూనే ఉంది. విద్యార్థి మిత్రులారా! ఆలస్యాన్ని తిట్టుకోవడం సులువు. దాని కారణం వెతకడమే ఇంజనీరు పని.