మదరాసు వకీలు వి. కృష్ణస్వామి అయ్యరు

1906 అక్టోబరు 22వ తేదీన మదరాసులోని అర్బత్‌నాట్ కంపెనీ చెల్లింపులు నిలిపివేసింది. ఆంధ్ర జిల్లాలు సైతం ఆనాడు మదరాసు రాజధానిలోనివే. దొరల కంపెనీకి దివాలా అన్నది ఉండదన్న నమ్మకంతో వేలాది కుటుంబాలు జీవితకాలం కూడబెట్టిన సొమ్మును అందులో దాచుకొన్నాయి. ఆ సొమ్ము లండనులోని భాగస్వామి చేతిలో జూదప్రాయమైన వ్యాపారాల పాలయింది.

అట్టి తరుణంలో డిపాజిటుదారుల పక్షాన నిలిచిన న్యాయవాది వి. కృష్ణస్వామి అయ్యరు. ఆయన 1863లో తంజావూరు జిల్లా తిరువిడైమరుదూరులో జన్మించారు. తండ్రి మున్సిఫు. కుంభకోణంలోను, మదరాసులోను చదివి హైకోర్టు వకీలయ్యారు. బారిస్టర్లు అధికంగా ఐరోపావారు కాగా, వకీళ్ళు స్వదేశీయులు. ఆ వకీళ్ళలో ఆయన అగ్రగణ్యులు.

కంపెనీ వ్యవహారాలను దివాలా న్యాయస్థానానికి ఈడ్చడంలో ఆయన చూపిన పట్టుదల అసాధారణమైనది. ఆనాడు అమలులో ఉన్న 1848 నాటి దివాలా చట్టం ప్రకారం ఋణగ్రస్తుని ఆస్తి అఫిషియల్ అసైనీ అనే అధికారి వశమయ్యేది. ఆయన దానిని అమ్మి, వచ్చిన ధనాన్ని ఋణదాతలకు వారి బాకీల నిష్పత్తిలో పంచేవాడు. పలుకుబడి గలవారు ముందుగా తమ సొమ్ము దక్కించుకోకుండా, చిన్నవారికి నోరిచ్చే మార్గం ఇదొక్కటే. కంపెనీ అధిపతి సర్ జార్జి అర్బత్‌నాట్‌కు తరువాత క్రిమినలు విచారణలో 18 నెలల కఠిన కారాగార శిక్ష పడింది. తెల్లదొరకు, అందునా సర్ బిరుదాంకితునికి, అట్టి శిక్ష ఆనాడు ఊహకందనిది.

అయితే న్యాయస్థానం మిగిలిన ఆస్తిని పంచగలదే గాని, పోయిన ధనాన్ని సృష్టించలేదు. డిపాజిటుదారులకు దక్కినది కొంత మాత్రమే. వ్యాజ్యం గెలిచి ఫీజు పుచ్చుకొని ఊరకుండే స్వభావం కాదు అయ్యరుగారిది. స్వదేశీయుల సొమ్ముకు స్వదేశీయుల బ్యాంకే కావాలని నిశ్చయించారు. నాట్టుకోట్టై చెట్టియార్ల మద్దతు కూడగట్టారు. ఫలితంగా ఇండియన్ బ్యాంకు 1907 మార్చిలో రిజిస్టరయి, ఆగస్టు 15న వ్యాపారం ప్రారంభించింది. నలుబది సంవత్సరాల తరువాత ఆ తేదీకి రాబోయే ప్రాశస్త్యం అప్పటికి ఎవరికి తెలుసు!

రాజకీయాలలో ఆయన మితవాది. అయినా, అతివాది అయిన యువకవి సుబ్రహ్మణ్య భారతి గీతాలు విని ముగ్ధులై, వాటిని తమ ఖర్చుతో అచ్చొత్తించి ఉచితంగా పంచిపెట్టారు. మైలాపూరులో సంస్కృత కళాశాల స్థాపించినదీ ఆయనే.

1909లో హైకోర్టు న్యాయమూర్తిగాను, 1911లో గవర్నరు కార్యనిర్వాహక సభ సభ్యునిగాను నియమితులయ్యారు. ఆ ఏడు డిసెంబరు 28న, 48 ఏండ్ల వయస్సులోనే కన్నుమూశారు. ఆయన పూనికతో వెలసిన బ్యాంకు 1969లో జాతీయం అయింది.