సాలూరి రాజేశ్వరరావు

సాలూరి రాజేశ్వరరావు (1922 - 1999) తెలుగు చలనచిత్ర సంగీత దర్శకుడు, గాయకుడు, బాలనటుడు. మల్లీశ్వరి, విప్రనారాయణ, మిస్సమ్మ వంటి చిత్రాల సంగీతంతో ఆయన పేరు స్థిరపడింది. అయితే అంతకు ముందే, సినిమాతో సంబంధం లేని గ్రామఫోను పాటల ద్వారా తెలుగులో లలిత సంగీతానికి రూపం కల్పించిన తొలితరం కళాకారులలో ఆయన ఒకడు.

== బాల్యం ==

రాజేశ్వరరావు విజయనగరం ప్రాంతంలోని సాలూరు సమీపాన గల శివరామపురంలో జన్మించాడు. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసుడు, పాటల రచయిత. ద్వారం వెంకటస్వామినాయుడు కచేరీలకు మృదంగ సహకారం అందించేవాడు. అన్న సాలూరి హనుమంతరావు కూడా తరువాతి కాలంలో సంగీత దర్శకుడయ్యాడు. రాజేశ్వరరావు చిన్నవయసులోనే హచ్చిన్స్ గ్రామఫోను కంపెనీకి పాడాడు. ఆ గాత్రమే ఆయనను సినిమాలకు చేర్చింది. శ్రీకృష్ణ లీలలు (1935) చిత్రంలో వేమూరి గగ్గయ్య కంసుడుగా నటించగా, రాజేశ్వరరావు కృష్ణుడి వేషం ధరించాడు. మరుసటి సంవత్సరం మాయాబజారులో అభిమన్యుడిగా నటించాడు.

ఆ పిమ్మట కలకత్తాలో కొంతకాలం ఉండి సైగల్, పంకజ్ మల్లిక్ వంటివారి గానరీతిని దగ్గరగా పరిశీలించాడు. హిందూస్థానీ బాణీతో, బెంగాలీ పాటలలోని మృదుత్వంతో కలిగిన ఈ పరిచయం ఆయన సంగీతంపై చివరివరకు ప్రభావం చూపింది.

== గ్రామఫోను పాటలు ==

ఆ రోజులలో తెలుగు శ్రోతలకు ఎక్కువగా తెలిసినవి నాటక పద్యాలు, కీర్తనలు, హరికథలు. గొంతెత్తి పాడడమే గొప్పగా భావించే కాలమది. మైకు ముందు మెల్లగా, మాట స్పష్టంగా వినపడేటట్లు పాడే పద్ధతిని రాజేశ్వరరావు తన రికార్డులలో అనుసరించాడు. రికార్డులో ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది కనుక రాగాలాపనకు అవకాశం తక్కువ. పల్లవి, చరణాలు, వాటి మధ్య కొద్దిపాటి వాద్య సంగీతంతోనే ఆ స్వల్ప వ్యవధిలో ఒక భావాన్ని పూర్తిగా చెప్పవలసి వచ్చేది.

ఆయన ఒంటరిగాను, రావు బాలసరస్వతీదేవితో కలిసి యుగళంగాను పాడిన పాటలు విశేష ఆదరణ పొందాయి. రాధాకృష్ణుల ప్రణయం, వెన్నెల, యమునాతీరం వీటిలో తరచుగా కనిపించే వస్తువులు. ఈ రికార్డులకు తెర మీది తార గాని, కథ గాని ఆసరాగా లేవు. కేవలం పాట బలంతోనే అవి ప్రచారం పొందాయి. 1938లో మద్రాసులో ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైన తరువాత ఇటువంటి పాటకు మరొక వేదిక లభించింది.

== సినిమా సంగీతం ==

జయప్రద (1939)తో రాజేశ్వరరావు సంగీత దర్శకుడయ్యాడు. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం వహించిన ఇల్లాలు (1940)లో కాంచనమాల సరసన నటించి, సంగీతం కూడా సమకూర్చాడు. గ్రామఫోను భావగీతాల ధోరణి ఈ చిత్రంతో సినిమా పాటలోకి ప్రవేశించింది. తరువాత జెమినీ సంస్థలో చేరి బాలనాగమ్మ (1942), చంద్రలేఖ (1948) చిత్రాలకు పనిచేశాడు. చంద్రలేఖ సంగీతంలో పాశ్చాత్య వాద్యబృందాన్ని భారీగా ఉపయోగించారు.

నేపథ్య గానం స్థిరపడిన కొద్దీ ఆయన స్వయంగా పాడడం తగ్గిపోయింది. గాయకుడిగా మొదలైన రాజేశ్వరరావు ఇతరుల గొంతుల ద్వారానే వినిపించసాగాడు. మల్లీశ్వరి (1951)లో ఘంటసాల, భానుమతి, మిస్సమ్మ (1955)లో ఎ.ఎం.రాజా, పి.లీల, పి.సుశీల పాడిన పాటలలో ఆయన తొలి రికార్డుల సౌమ్యత గుర్తించవచ్చు. మల్లీశ్వరికి పాటలు వ్రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రికి అదే సినిమా రంగ ప్రవేశం. మాయాబజార్ (1957)కు కొన్ని పాటల బాణీలు కట్టిన తరువాత రాజేశ్వరరావు తప్పుకోగా, ఘంటసాల మిగిలిన సంగీతాన్ని పూర్తిచేశాడు.

1950ల చివర హైదరాబాదు అమీర్‌పేటలో సారథీ స్టూడియో పని ప్రారంభించింది. తెలుగు చిత్రాల చిత్రీకరణ క్రమంగా అటు మళ్లినా, పాటల రికార్డింగు చాలాకాలం మద్రాసులోనే జరిగింది. రాజేశ్వరరావు కూడా మద్రాసులోనే ఉండిపోయాడు. ఈ దశలో భార్యాభర్తలు (1961), ఆరాధన (1962), డాక్టర్ చక్రవర్తి (1964) చిత్రాలకు సంగీతం అందించాడు. పియానో ఆధారంగా సాగే పాటలకు ఆయన ప్రసిద్ధుడు. పాశ్చాత్య వాద్యాలను వాడినా రాగచ్ఛాయ చెడకుండా చూడడం ఆయన ప్రత్యేకత.

== చివరి దశ, ప్రభావం ==

1970ల తరువాత ఆయనకు అవకాశాలు తగ్గాయి. తాండ్ర పాపారాయుడు (1986) చివరి దశలో వచ్చిన ముఖ్య చిత్రం. 1992లో ఆయనకు రఘుపతి వెంకయ్య పురస్కారం లభించింది. 1999లో మద్రాసులో మరణించాడు. కుమారులు వాసూరావు, కోటి కూడా సంగీత దర్శకులు. కోటి, టి.వి.రాజు కుమారుడైన రాజ్‌తో కలిసి రాజ్-కోటి జంటగా పేరుపొందాడు.

రాజేశ్వరరావు స్వరపరచిన సినిమా పాటలు పునర్ముద్రణల ద్వారా తరువాతి తరాలకు సులభంగా అందాయి. గ్రామఫోను పాటల పరిస్థితి వేరు. లక్క రికార్డులు తేలికగా పగిలిపోయేవి, వాడిన కొద్దీ అరిగిపోయేవి. ఆ పాటలు నిలవడానికి రికార్డుల సేకర్తలు ముఖ్య కారణం. గాయకుడిగా రాజేశ్వరరావు స్థానాన్ని నిర్ణయించడానికి ప్రధాన ఆధారం ఆ రికార్డులే.