ముర్రుపాల మహిమ తేల్చిన ఎర్లిక్

అలిపిరి మెట్ల దగ్గర పసిబిడ్డల్ని చంకనేసుకుని కొండెక్కే తల్లుల్ని చూస్తే నాకు పాల్ ఎర్లిక్ గుర్తొస్తాడు. అలిపిరికీ ఆ జర్మనీ డాక్టరుకీ సంబంధమేమిటంటారా?

1854లో పుట్టిన ఎర్లిక్, క్షయ సోకితే ఈజిప్టు వెళ్ళి కోలుకొచ్చాడు. తర్వాత బెర్లిన్‌లో చిట్టెలుకలకు ఆముదం గింజల విషం, మన గురివింద గింజల విషం కొంచెం కొంచెంగా అలవాటు చేశాడు. అవి తట్టుకున్నాయి. వాటి పిల్లలూ కొన్నాళ్ళు తట్టుకున్నాయి. ఆ బలం కడుపులో వచ్చిందా, పాలలోనా? తేల్చడానికి పిల్లల్ని తల్లుల దగ్గర మార్చిపెట్టాడు. మామూలు తల్లికి పుట్టినా, విషాన్ని తట్టుకున్న తల్లి పాలు తాగిన పిల్లలకు ఆ బలం వచ్చేసింది. తండ్రి నుంచి మాత్రం రాలేదు! 1892లో ఈ సంగతి ప్రకటించాడు. రోగనిరోధక శక్తిపై చేసిన కృషికి 1908లో నోబెల్ బహుమతి అందుకుని, 1915లో కన్నుమూశాడు.

అప్పుడే పుట్టిన బిడ్డకు సూక్ష్మక్రిములతో పోరాడే సొంత శక్తి ఇంకా కుదురుకోదు. మనుషుల్లో తల్లి రక్షణ కొంత మాయ ద్వారా బిడ్డ రక్తంలోకి చేరుతుంది. ముర్రుపాలేమో పేగులకు కాపలా కాస్తాయి.

నా తొలికాన్పులో, పచ్చగా ఉన్నాయని పెద్దవాళ్ళు ఆ పాలు పిండి పారబోయించారు. తెలియక నేనూ ఊరుకున్నాను. మీ ఇంట్లో కాన్పయితే మాత్రం ఊరుకోకండి. మొదటి గంటలోనే బిడ్డకు పట్టించండి.